తొమ్మిదికి చోటెక్కడ?

సికింద్రాబాద్‌లో శాతవాహన ఎక్కగానే, పొద్దున చదవగా మిగిలిన పేపరు మడిచి, జేబులోంచి పెన్ను తీసి సుడోకు మొదలుపెట్టాను. భువనగిరి దాటేసరికి పది అంకెలు పడ్డాయి. కాజీపేట దగ్గర చెయ్యి ఆగింది. ఓ గడిలో 3 అయినా రావాలి, 8 అయినా రావాలి. ఏదో తేలలేదు. ‘ఎనిమిదే అయ్యుంటుందిలే’ అని రాసేశాను. అక్కణ్నుంచి చకచకా ఇంకో పదిహేను గళ్లు నిండాయి. నా తెలివికి నేనే మురిసిపోతుండగా ఖమ్మంలో బండి ఆగింది. నేనూ ఆగాను. ఆఖరి వరుసలో రెండు ఎనిమిదులు పక్కపక్కనే కూర్చుని నన్ను చూస్తున్నాయి. పెన్నుతో రాశాను కాబట్టి చెరిపే వీలు కూడా లేదు.

బెజవాడలో మా బాబాయి ఆ పేపరు చూసి నవ్వాడు. ఆయన ఆర్టీసీ డిపోలో ఏళ్ల తరబడి డ్యూటీ చార్టులు వేసి రిటైరైన మనిషి. రోజూ టిఫిన్ అయ్యాక బెత్తెడు పెన్సిల్ ముక్కతో సుడోకు పూర్తి చేస్తాడు. దిద్దుబాట్లు ఉండవు.

‘‘ఒరేయ్, ఈ గడిలో ఏముంది, ఈ గడిలో ఏముంది అని గడి గడినీ ఎందుకడుగుతావు? అది చెప్పదు. తొమ్మిదికి చోటెక్కడుందో అడుగు. అది తప్పకుండా చెప్తుంది’’ అన్నాడు.

ఆ మాట నాకు అప్పుడు సగమే అర్థమైంది. డ్యూటీ చార్టు సంగతి చెప్పాక మిగతా సగం అర్థమైంది. కొత్తగా చార్టు వేసేవాడు డ్రైవర్ల పేర్లు ముందు పెట్టుకుని, ఈయనకి ఏ సర్వీసు వేద్దాం అని మొదలుపెడతాడట. మొదటి మనిషి ఏ సర్వీసుకైనా వెళ్లగలడు, రెండో మనిషీ అంతే. సాయంత్రానికి చార్టు చిక్కుపడుతుంది. చెయ్యి తిరిగినవాడు ఎవరికీ సరిపడని ఆ ఒక్క నైటవుట్ సర్వీసును ముందు తీస్తాడు. దీనికి ఎవరు వెళ్లలేరు? నిన్న రాత్రే తిరిగొచ్చినవాడు, సెలవులో ఉన్నవాడు, వీక్లీ ఆఫ్ ఉన్నవాడు... వీళ్లందర్నీ కొట్టేస్తే ఇద్దరో ముగ్గురో మిగులుతారు. ఒక్కోరోజు ఒక్కడే మిగులుతాడు. ఆ పేరు రాశాక మిగతా చార్టు దానంతటదే సర్దుకుంటుంది.

సుడోకులో నేర్చుకోవాల్సింది ఈ ఒక్కటే, ప్రశ్నను తిరగేసి అడగడం. జంటలనీ, ఎక్స్-వింగ్ అనీ పుస్తకాల్లో కనిపించే పేర్లన్నీ ఈ తిరగేయడంలోని రకాలే.

లెక్కల్లో వీకా? ఫరవాలేదు

ఆట తెలియనివాళ్లకు రెండు ముక్కలు. 81 గళ్లు. తొమ్మిది అడ్డు వరుసలు, తొమ్మిది నిలువు వరుసలు, మూడు మూళ్ల తొమ్మిది గళ్లుండే పెట్టెలు తొమ్మిది. ప్రతి అడ్డంలోనూ, ప్రతి నిలువులోనూ, ప్రతి పెట్టెలోనూ 1 నుంచి 9 దాకా ఒక్కోటి ఒక్కసారే రావాలి. అంతే. కూడికల్లేవు, తీసివేతల్లేవు. అంకెల బదులు తొమ్మిది అక్షరాలు పెట్టినా, తొమ్మిది రకాల మిఠాయిలు పెట్టినా ఆట మారదు. ‘నేను లెక్కల్లో వీకండీ’ అని దీన్ని పక్కన పెట్టేవాళ్లను చూస్తే నాకు జాలి.

పేరు జపాన్‌ది, పుట్టుక అమెరికాది. ఇండియానాకు చెందిన హోవర్డ్ గార్న్స్ అనే రిటైరైన ఆర్కిటెక్ట్ తయారుచేసిన ఈ పజిల్ 1979లో డెల్ అనే ప్రచురణ సంస్థ పత్రికలో ‘నంబర్ ప్లేస్’ పేరుతో వచ్చింది. 1984లో జపాన్‌లోని నికోలి సంస్థ దాన్ని అందుకుంది. ఆ సంస్థకు చెందిన మాకి కాజి పెట్టిన పొడుగాటి జపనీస్ పేరుకు అర్థం, అంకెలు బ్రహ్మచారులుగానే ఉండాలని. దాన్ని కత్తిరిస్తే సుడోకు మిగిలింది. న్యూజిలాండ్‌కు చెందిన వేన్ గౌల్డ్ హాంకాంగ్‌లో జడ్జీగా చేసి రిటైరై, 1997లో టోక్యోలో ఓ పుస్తకాల షాపులో దీన్ని చూసి, పజిళ్లు తయారుచేసే కంప్యూటర్ ప్రోగ్రాం రాసుకోవడానికి దాదాపు ఆరేళ్లు కూర్చున్నాడు. 2004 నవంబర్‌లో లండన్ ‘ద టైమ్స్’లో అచ్చయ్యాక ఇక ఆపేవాళ్లు లేకపోయారు. 

పూర్తిగా నింపిన సుడోకులు ఎన్ని రకాలుగా సాధ్యమో 2005లో ఫెల్గెన్‌హావర్, జార్విస్ అనే ఇద్దరు లెక్కకట్టారు. 6,670,903,752,021,072,936,960. ఇరవై రెండంకెల సంఖ్య. బట్టీ పట్టే ఆశ వదులుకోవచ్చు. అయితే ఇన్ని పజిళ్లలోనూ మళ్లీ మళ్లీ ఎదురయ్యే తీరులు మాత్రం రోజూ పేపర్లో వచ్చేవాటి వరకు ఓ అరడజను దాటవు. ఆ అరడజనూ కంటికి అలవాటైతే చాలు.

అలవాటు అన్నాను, పుట్టుతెలివి అనలేదు. 1973లో విలియం చేజ్, హెర్బర్ట్ సైమన్ చదరంగం ఆటగాళ్లతో చేసిన ప్రయోగం ఇక్కడ గుర్తుచేసుకోవాలి. నిజమైన ఆట మధ్యలోని బోర్డును ఐదు సెకన్లు చూపించి, పావుల్ని చూసినట్టే పేర్చమన్నారు. గొప్ప ఆటగాడు చాలావరకు పేర్చేశాడు, కొత్తవాడు నాలుగైదు పావుల దగ్గరే తడబడ్డాడు. ఆ తర్వాత పావుల్ని ఆటతో సంబంధం లేకుండా ఎలా పడితే అలా పెట్టి చూపించారు. ఈసారి గొప్పవాడి గొప్పతనం దాదాపు మాయమైంది. అతనిది పెద్ద జ్ఞాపకశక్తేం కాదు. పావుల్ని ఒక్కొక్కటిగా కాకుండా గుంపులుగా, ఎన్నోసార్లు చూసిన తీరులుగా చూస్తాడు. మనం ‘అమ్మ’ అనే మాటను అక్షరాలు కూడబలుక్కోకుండా చదివినట్టు.

వేలు పెట్టి చూడండి

కాగితం మీద తొమ్మిది పెట్టెలు గీసుకోండి. పై వరస పెట్టెలు మూడే మనకు ముఖ్యం. ఎడమ పెట్టెలో మొదటి వరుసలో 7 ఉంది. మధ్య పెట్టెలో రెండో వరుసలో 7 ఉంది. ఇప్పుడు కుడి పెట్టెకు రండి. ఇందులో 7 మొదటి వరుసలో కూర్చోలేదు, రెండో వరుసలోనూ కూర్చోలేదు. ఇక మూడో వరుసలోని మూడు గళ్లే గతి. వాటిలో ఒకదాంట్లో ఇప్పటికే 4 ఉంది. రెండోదాని మీద వేలు పెట్టి కిందికి జారిస్తే అదే నిలువులో ఎక్కడో ఓ 7 తగిలింది. మిగిలింది ఒకే గడి. రాసేయండి.

ఆ గడినే విడిగా పట్టుకుని ‘ఇందులో ఏముంది’ అని అడిగి ఉంటే? 2 రావచ్చు, 5 రావచ్చు, 7 రావచ్చు, 9 రావచ్చు. నాలుగు జవాబులు. ‘7కి చోటెక్కడ’ అని అడిగితే ఒకటే జవాబు. గడి అదే, అంకె అదే. మారింది ప్రశ్న.

మొదలుపెట్టేటప్పుడు 1 నుంచి వరుసగా వెతకక్కర్లేదు. పజిల్లో ఏ అంకె ఎక్కువసార్లు కనబడుతోందో దాన్ని పట్టుకోండి. ఐదు సార్లున్న అంకెకు ఇంకా నాలుగు చోట్లే కావాలి, అడ్డుపడే గీతలు అడ్డంగా ఐదు, నిలువుగా ఐదు ఉన్నాయి. ఇచ్చిన అంకెలు తక్కువున్నాయని మాత్రం జడుసుకోకండి. ఒకే జవాబు రావాలంటే కనీసం 17 అంకెలు ఇవ్వాల్సిందేనని డబ్లిన్‌లో గ్యారీ మెక్‌గ్వైర్ బృందం 2012లో కంప్యూటర్లతో తేల్చింది. అయినా 22 అంకెలిచ్చిన పజిల్ నల్లేరు మీద బండిలా సాగిపోవచ్చు, 28 ఇచ్చింది మొండికేయవచ్చు. ఎన్ని ఇచ్చారన్నది కాదు, ఎక్కడ ఇచ్చారన్నది అసలు సంగతి.

ఈ ప్రశ్న పేపరు బయటా పనికొస్తుంది. ఉద్యోగం చేస్తూ గ్రూప్స్‌కు చదివే కుర్రాడొకడు ‘పొద్దున ఐదింటికి లేస్తాను సార్, ఏం చదవాలో తోచక అరగంట పోతుంది’ అన్నాడు. గడిని పట్టుకుని కూర్చున్నాడన్నమాట. నీ సబ్జెక్టుల్లో ఏది ఇంకే గంటలోనూ పట్టదో చెప్పమన్నాను. ఎకానమీ అన్నాడు. బస్సులో కుదరదు, ఆఫీసు నుంచొచ్చాక బుర్ర పనిచేయదు, రాత్రి పసివాడి ఏడుపు. కరెంట్ అఫైర్స్ అయితే బస్సులోనూ చదవగలడు. ఐదు గంటల గడి ఎవరిదో తేలిపోయింది. 

బంతిలో ఇద్దరు బావలు

ఇప్పుడు జంటలు. ఒక అడ్డు వరుసలో నాలుగు గళ్లు ఖాళీ. రావాల్సిన అంకెలు 2, 5, 6, 8. నిలువులనూ పెట్టెలనూ చూసి కొట్టివేయగా మొదటి గడిలో 2 లేదా 6, రెండో గడిలోనూ 2 లేదా 6, మూడో గడిలో 2 లేదా 5, నాలుగో గడిలో 5, 6, 8 మిగిలాయి. చూడగానే ఏదీ తేలలేదనిపిస్తుంది. నేను కాజీపేట దగ్గర పెన్ను ఎత్తింది సరిగ్గా ఇలాంటి చోటే.

పెళ్లి భోజనాల బంతి ఊహించుకోండి. ఇద్దరు బావలు, ‘కూర్చుంటే ఈ రెండు విస్తళ్ల దగ్గరే’ అని పట్టుబట్టారు. ఎవరు ఏ విస్తరి ముందు కూర్చుంటారో మనకు తెలియదు. అది వాళ్ల గొడవ. ఆ రెండు విస్తళ్ల ముందు మూడోవాడు కూర్చోడనీ, వాళ్లిద్దరూ ఇంకెక్కడా కూర్చోరనీ మాత్రం ఖాయం. మొదటి రెండు గళ్లూ 2కీ 6కీ రిజర్వయిపోయాయి. అంటే మూడో గడిలో 2 పోయింది, 5 మిగిలింది. నాలుగో గడిలో 6 పోయింది, ఇప్పుడు 5 కూడా పోయింది, 8 మిగిలింది. బావలు ఇంకా తేల్చుకోనే లేదు, పక్కవాళ్లు మాత్రం భోజనానికి కూర్చున్నారు.

దీన్నే ఇంటి పనులకు వాడి చూడండి. ఈ వారం మీకు ఖాళీ దొరికేది శనివారం సాయంత్రం, ఆదివారం పొద్దున. అమ్మను కంటి డాక్టరుకు చూపించడం, పిల్లాడి స్కూల్లో పేరెంట్స్ మీటింగు, రెండూ ఆ రెండు పూటల్లోనే కుదురుతాయి. ఏది ఎప్పుడో ఇంకా తెలియదు. ఆ మాటకొస్తే తెలియాల్సిన పనీ లేదు. మూడో పని మీద స్నేహితుడు ఫోన్ చేసినప్పుడు ‘చూద్దాంలే’ అనకండి. ఈ వారం కుదరదని చెప్పేయండి. రెండు పనులకు రెండే ఖాళీలని తెలిసి కూడా మొహమాటానికి ‘చూద్దాం’ అనేవాళ్లే ఆదివారం రాత్రి అందరికీ సారీలు చెప్తూ కూర్చుంటారు.

తెలియకుండానే తెలిసేది

నాకు బాగా నచ్చే తీరు ఇది. ఎడమ వైపు మధ్య పెట్టెలో 4కి రెండు గళ్లే మిగిలాయి. రెండూ ఒకే అడ్డు వరుసలో ఉన్నాయి. ఏ గడో తెలియదు. చాలామంది ఇక్కడ ‘తేలలేదు’ అని ముందుకెళ్లిపోతారు. కానీ ఒకటి తేలింది. ఆ వరుసకు రావాల్సిన 4 ఈ పెట్టెలోనే ఉంది. కాబట్టి అదే వరుసలో మిగతా రెండు పెట్టెల్లో ఎక్కడా 4 రాదు. అక్కడున్న ఆరు గళ్లలో 4ని కొట్టేయండి. తరచుగా ఆ కొట్టివేతతోనే దూరంగా, ఏ సంబంధమూ లేదనిపించిన మూల ఓ గడి టక్కున తెరుచుకుంటుంది.

సగం తెలిసినదాన్ని కూడా వాడుకోవడం పెద్ద విద్య. మా ఇంట్లో వంటింటి గోడ చెమ్మ దిగితే వచ్చిన ప్లంబరు నేరుగా మేడ ఎక్కాడు. కొళాయిలు కట్టించి, విప్పించి, ‘ఈ రెండు జాయింట్లలో ఏదో ఒకటండీ, ఏదో ఇంకా తేలలేదు’ అన్నాడు. నాకు నిరాశ. అతనికి మాత్రం పని ముప్పాతిక అయిపోయినట్టే. ‘గోడ పగలగొట్టక్కర్లేదు కదా సార్’ అన్నాడు. అంతకుముందు వచ్చినతను గోడ పగలగొడదామనే అంచనా వేసి ఇచ్చాడు మరి.

ఇక ఎక్స్-వింగ్. స్టార్ వార్స్ సినిమాల్లోని యుద్ధ విమానం పేరిది. పేరుకు భయపడకండి. నేను మాత్రం దీన్ని మంచం కోళ్లు అనుకుంటాను. రెండో అడ్డు వరుసలో 9కి రెండే చోట్లున్నాయి, మూడో నిలువు, ఏడో నిలువు. ఆరో అడ్డు వరుసలోనూ 9కి రెండే చోట్లు, అవీ మూడో నిలువు, ఏడో నిలువే. నాలుగు గళ్లనూ కలిపితే మంచానికి నాలుగు కోళ్లు. పైన ఎడమ కోడు దగ్గర 9 ఉంటే కింద కుడి కోడు దగ్గర ఉండక తప్పదు. పైన కుడి కోడు దగ్గరైతే కింద ఎడమ కోడు దగ్గర. ఎటు తిప్పినా మూడో నిలువుకు ఒక 9, ఏడో నిలువుకు ఒక 9 ఈ మంచం మీంచే వస్తాయి. ఆ రెండు నిలువుల్లో మిగతా గళ్లన్నిటిలోంచీ 9ని కొట్టేయవచ్చు. మొదటిసారి ఇది కనబడినప్పుడు నేను నిజంగానే కుర్చీలోంచి లేచాను. రోజూ పేపర్లో వచ్చేవాటికి దీని అవసరం అరుదు. పనిగట్టుకుని వెతకక్కర్లేదు, అన్నీ ఆగిపోయినప్పుడు వెతికితే చాలు.

పెన్సిల్ మర్యాదలు

కొత్తగా నేర్చుకున్నవాళ్లు చేసే పని ఒకటుంది. ప్రతి ఖాళీ గడిలోనూ వచ్చే అవకాశం ఉన్న అంకెలన్నీ చీమల్లా రాసేస్తారు. పది నిమిషాల కష్టం, చివరికి పేపరంతా నల్లబడుతుంది. తీరులు కనబడేది ఖాళీలోనే, కిక్కిరిసిన చోట కాదు. అమెరికా ఆటగాడు థామస్ స్నైడర్ పేరు మీద ఓ పద్ధతి ఉంది. ఒక పెట్టెలో ఒక అంకెకు సరిగ్గా రెండే చోట్లు మిగిలితేనే ఆ రెండు గళ్ల మూలల్లో చిన్నగా గుర్తు పెట్టాలి. మూడు చోట్లుంటే పెట్టకూడదు. స్నైడర్ మూడుసార్లు ప్రపంచ చాంపియన్. అందులో ఒకటి 2008లో మన గోవాలోనే గెలిచాడు. ఈ పద్ధతిలో గుర్తులు తక్కువ, ఉన్న ప్రతి గుర్తూ మాట్లాడుతుంది. ఒకే రెండు గళ్లలో రెండు అంకెల గుర్తులు పడితే అదే జంట, విడిగా వెతకనే అక్కర్లేదు.

అంకె రాసిన వెంటనే తలెత్తి వేరే మూలకు పరుగెత్తకండి. ఒక గడికి అడ్డంలో ఎనిమిది, నిలువులో ఎనిమిది, పెట్టెలో ఇంకో నాలుగు, మొత్తం ఇరవై గళ్లు చుట్టాలు. కొత్త అంకె వచ్చిందని ఆ ఇరవై మందికీ కబురందాలి. నేను ఆగిపోయానని అనుకున్న సందర్భాల్లో ఎక్కువసార్లు జరిగిందేమిటంటే, రెండు నిమిషాల క్రితం రాసిన అంకె కబురు పక్క పెట్టెకు చేరలేదు.

ఇక అంచనాల మీద రాయడం. దీని మీద నాకు కాస్త కోపం ఎక్కువే. పత్రికల్లో వచ్చే పజిల్‌కు జవాబు ఒకటే. అంచనా తప్పితే ఆ తప్పు అప్పుడే చెప్పదు, పదిహేను గళ్ల తర్వాత చెప్తుంది. ఈలోపు ఆ తప్పు మీద కట్టిన మేడంతా తప్పే, అందులో ఏ ఇటుక మొదటిదో గుర్తుండదు. ‘ఎనిమిదే అయ్యుంటుందిలే’ అన్న క్షణంలో నాకు దొరకంది ఎనిమిది కాదు, ఓపిక. అక్కడ దారి మూసుకుపోతే ఆ గడిని వదిలేసి ఇంకో అంకెను పట్టుకోవాల్సింది. నేను గడినే పట్టుకుని వేలాడాను.

సుడోకు చేస్తే మతిమరుపు రాదనీ, మెదడు కత్తిలా తయారవుతుందనీ చెప్పేవాళ్లున్నారు. దానికి నేను పూచీ పడను. సుడోకు వచ్చినవాడికి దానంతటదే సంసారం చక్కబెట్టుకోవడం వచ్చేస్తుందని కూడా అనను. తిరగేసి అడిగే అలవాటును పేపరు మీద నుంచి మనమే చెయ్యి పట్టి బయటికి తీసుకురావాలి. పైగా ఎక్కడ ఆడుతున్నామో స్పృహ ఉండాలి. 2008లో సిడ్నీలో ఓ మాదకద్రవ్యాల కేసు విచారణ నెలల తరబడి సాగింది. జ్యూరీ సభ్యులు శ్రద్ధగా నోట్స్ రాసుకుంటున్నారని కోర్టులో అందరూ అనుకున్నారు. తీరా చూస్తే కొందరు సుడోకు నింపుతున్నారు. జ్యూరీని రద్దు చేసి విచారణ మళ్లీ మొదటికి తేవాల్సి వచ్చింది. వాళ్లెలా దొరికారంటే, నోట్స్ రాసేవాళ్ల చెయ్యి ఎడమ నుంచి కుడికి పోతుంది కదా, వీళ్ల చేతులు పైనుంచి కిందికి కదులుతున్నాయి. కోర్టులో తీరును కనిపెట్టే కన్ను ఇంకెవరికో ఉంది.

మొన్న గురువారం పేపర్లోది బాగా మొండికేసింది. 9ని పట్టుకుని వరుస వరుసా వేలితో తడుముకుంటూ వెళ్తే రెండో వరుసలో రెండు చోట్లు, ఆరో వరుసలో మళ్లీ అవే రెండు చోట్లు. మంచం కోళ్లు! మూడో నిలువులో 9 ఎగిరిపోయింది, పది నిమిషాల్లో పజిల్ పూర్తయింది. ఆగలేక బాబాయికి ఫోన్ చేసి కథంతా చెప్పాను. ఆయన ఓపిగ్గా విన్నాడు.

‘‘బాగుందిరా. పెన్నుతోనే నింపావా?’’

కాసేపు నేనేం మాట్లాడలేదు. గీతలు కొట్టి దిద్దిన గళ్లు మూడున్నాయి.